సంజీవమ్మ శెనగచేనులో శాంతిభద్రతలు

సంజీవమ్మ గోడకు మెత్తడానికి ఎర్రమన్నులో గడ్డి కలిపి తొక్కుతూ ఉండగా, పంచాయతీ ఎన్నికల్లో గెలిచిన పార్టీ ఆమె శెనగచేనును తొక్కడం మొదలుపెట్టింది. రెండు పనులూ ఒకే ఉదయం, ఎనిమిదిన్నర ప్రాంతంలో, సక్రమంగా జరిగాయి.

వేముల పక్కనున్న మా ఊళ్లో తొక్కడం తప్పేమీ కాదు. సకీనా మిషన్ తొక్కి రెండు పార్టీలకూ జెండాలు కుడుతుంది. ఆ గుడ్డ కోసం వెంకటేశు పులివెందులదాకా సైకిలు తొక్కుతాడు. కొత్త కోడలు కుడికాలితో గడప తొక్కుతుంది. ఠాణాలో ఫిర్యాదులు తొక్కిపెడతారు. మైకు దొరికిన ప్రతివాడూ ఎదుటివాళ్లను తొక్కి పాతరేస్తామంటాడు. మేము చప్పట్లు కొడతాం.

ఎవరూ తొక్కనిది ఒకటే, ఎదుటి పార్టీ వీధి. పై వీధి గెలిచినవాళ్లది, కింది వీధి ఓడినవాళ్లది. పై వీధి నుంచి ఊరేగింపు బస్సురోడ్డు ఎక్కాలంటే కింది వీధి గుండా పోవాలి. పోతే బాంబులు పడతాయి. కాబట్టి శాంతిభద్రతలను దృష్టిలో ఉంచుకుని, రెండు వీధుల మధ్య ఉన్న సంజీవమ్మ ఎకరన్నర చేనులోంచి పోయారు. శెనగ పూత మీద ఉంది.

సంజీవమ్మ మట్టికాళ్లతోనే ఉరికింది. "యాడికి పోతాండారప్పా? దావ ఆ పక్కనుండాది."

"దావన పోతే తలకాయలు లేస్తాయక్కా. శెనగదేముంది, మళ్లా మొలుస్తాది," అన్నాడు జెండా మోస్తున్న చిన్నసుబ్బయ్య. అతని దూరదృష్టిని అందరూ మెచ్చుకున్నారు.

సగం చేను పోయింది. మొన్నటి వానలకు రోగమొచ్చి సంజీవమ్మ వాళ్ల మందలో ఏడు గొర్రెలే మిగిలాయి. ఏడాది గడవడానికి ఉన్నది ఈ పంట ఒక్కటే. "సగమన్నా నిలబడుండాది. దీన్ని చూపిచ్చి ఆ సగానికి పరిహారం అడుగుదాం," అన్నాడు ఆమె మొగుడు యల్లయ్య.

మూడోరోజు ఓడిన నాయకుడు రెండువందల మందితో ఓదార్చడానికి వచ్చాడు. ఆమె ఇంటికి దారి పై వీధి గుండానే. ఆయన పై వీధి తొక్కడు గనుక, మిగిలిన సగం చేనులోంచి వచ్చాడు. నట్టనడుమ నిలబడి, "ఈ చెల్లెలి చేనులో పడిన ప్రతి అడుగూ నా గుండెల మీద పడినట్టే! ఒక్క మొక్కకు అన్యాయం జరిగినా సహించేది లేదు!" అని గంటసేపు ప్రసంగించాడు. వెనకున్నవాళ్లకు వినపడక ముందుకు వచ్చారు. ముందున్నవాళ్లు పక్కలకు సర్దుకున్నారు. ప్రసంగం ముగిసేసరికి చేనంతా కళ్లం మాదిరి చదునుగా, చూడముచ్చటగా తయారైంది.

అయిదోరోజు రెవెన్యూ ఆఫీసరు వచ్చి చేను గట్టున నిలబడ్డాడు. "ఒక్క చెట్టన్నా లేకుండా పంట ఉన్నిందని యెట్ల రాసేదమ్మా? సరే, ఎవరు తొక్కినారో చెప్పు, రాసుకుంటా," అన్నాడు.

ఆ ప్రశ్న రెండు వీధులకూ నచ్చలేదు. సాయంత్రానికి రెండు వీధుల పెద్దలూ ఒక మాట మీదికి వచ్చారు. మా ఊరి చరిత్రలో ఇది మొదటిసారి. సదరు చేనును యల్లయ్య సొంత గొర్రెలే తొక్కినవని కాగితం తయారైంది. ఏడు గొర్రెలు ఎకరన్నరను అంత సమంగా ఎలా తొక్కాయన్నది పశుసంవర్ధక శాఖ వారు పరిశోధించదగిన విషయం.

సాక్షి సంతకాల కోసం తొమ్మిదిమందిమి సంజీవమ్మ ఇంట్లో కూడాము. యల్లయ్య ముందుగా వేలిముద్ర వేశాడు. "బతకాల్సింది ఈడనే గదా," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా.

సంజీవమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. "మీరంతా రెండుదినాలూ ఆ చేన్లోనే ఉంటిరి గదప్పా. నా గొర్రెలు ఎవరికి కనపన్నాయి? ఒక్కరు చెప్పండి."

మేమంతా కాగితం చదవడంలో మునిగిపోయాం. చదువుకున్నవాళ్లం గనుక వేలిముద్రలు వేయకుండా, తొమ్మిదిమందిమీ గుండ్రటి అక్షరాలతో సంతకాలు పెట్టాం.

చివరి సంతకం అయ్యేదాకా ఆమె చూసింది. తరువాత మా మధ్యనుంచి వాకిలి దాటి వెళ్లిపోయింది. మర్యాద తెలిసిన ఊరు మాది. ఎవరి కాలూ ఆమెకు తగలకుండా అందరం పక్కకు జరిగి దారి ఇచ్చాం.