తేనెటీగల్ని ఏం చేశారు?

ఆ ఆదివారం బైండరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్తగా కుట్టిన పుస్తకం కూతురి చేతిలో పెట్టడం, పదకొండు గంటల ఆటకు ఆమెతో కలిసి సినిమాకు వెళ్లడం, రెండింటికల్లా ఇంటికొచ్చి భోంచేయడం. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదని ఆయన గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్లుగా పుస్తకాలు కుడుతున్న మనిషికి నమ్మకానికేం తక్కువ?

నిజానికి ఆ సినిమా ఆయనకో పరీక్ష. పద్నాలుగేళ్ల కూతురు ఏడాదిగా ఒకే నవల మళ్లీ మళ్లీ చదువుతోంది. తలుపుకు గడియ పెట్టుకోవడం నేరమైన ఒక ఊరు, ఊరి చుట్టూ పెద్ద గోడ, దొంగచాటుగా గడియలు తయారుచేసే ఒక పిల్ల. ఇదీ కథ. పరీక్షల ముందు బైండరు ఆ పుస్తకం లాక్కుని, "ఈ చెత్త చదివితే మార్కులొస్తాయా?" అన్నాడు. ఆ రోజు నుంచి కూతురు తన గదికి గడియ పెట్టుకుంటోంది. తండ్రితో "ఊ", "ఉహూ" తప్ప మూడో మాట లేదు. ఇప్పుడు నవల సినిమాగా వచ్చేసరికి తనంతట తానే వచ్చి అంది: "పుస్తకం మొత్తం చదివితేనే నాతో రా. చదవకుండా వస్తే నీ పక్కన కూర్చోను."

"చదివినట్టు నటించకండి. అది ఇట్టే పట్టేస్తుంది," అని భార్య హెచ్చరించింది.

"నేను నటించడమేంటి? నేను బతికేదే పుస్తకాల మధ్య!"

బతకడం వాటి మధ్యే గానీ, ఆయన చదివేది పేజీ అడుగున ఉండే అంకె ఒక్కటే.

కూతురు చదివి చదివి నవల ఊడిపోయి ఉంది. ముందు దాన్ని విప్పి మళ్లీ కుట్టాడు. పదహారు పేజీల మడతను ఆ పనివాళ్లు ఫారం అంటారు. ఫారాలను అంకెల వరసలో పేర్చి కుడితే పుస్తకం. ఆ రోజు బల్ల మీద ఇంకో పుస్తకం కూడా విప్పి ఉంది. తేనెటీగలు పెంచే ఒక పెద్దమనిషిది, తేనెటీగల పెంపకం గురించే. అదే సైజు, అదే అచ్చు, అదే పసుపెక్కిన కాగితం. రెండింట్లోనూ పద్నాలుగో ఫారం రెండువందల తొమ్మిదో పేజీతో మొదలవుతుంది. ఏది ఎందులోకి వెళ్లిందో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. బైండరుకు మాత్రం ఇప్పుడే చెప్పకండి.

మొదటి రెండు రోజులు ఆయన నవలను మందు మింగినట్టు చదివాడు. మూడో రోజు నవల్లో ఆ పిల్ల గోడ మొదట్లో నిలబడి పైకి చూసింది. పేజీ తిప్పాడు. "ముందుగా కొద్దిగా పొగ పెట్టాలి. తొందర పనికిరాదు. గుంపు కోపంగా ఉన్నప్పుడు రాణి జోలికి వెళ్లరాదు."

బైండరు కళ్లజోడు సవరించుకున్నాడు. ఇదేదో మామూలు కథ కాదు! రాణి అంటే ప్రభుత్వం. గుంపు అంటే జనం. "పని ఈగ బతికేది ఆరు వారాలే. జీవితమంతా తిరిగి అది కూడబెట్టేది చెంచాలో పన్నెండో వంతు తేనె," అన్న చోట ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పుస్తకాల మీద గీతలు గీసేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. అలాంటిది తనే పెన్సిలు తీసి ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన "ఎంత మాట!" అని రాసుకున్నాడు.

సినిమా బాగానే మొదలైంది. విశ్రాంతి తర్వాత తెర మీద ఆ పిల్ల గోడ మొదట్లో నిలబడి పైకి చూసింది. బైండరు ముందుకు వంగాడు. మరుక్షణం ఆ పిల్ల గోడ అవతల గడ్డిలో నడుస్తోంది.

పక్కకు చూస్తే కూతురి కళ్ల నిండా నీళ్లు. ఏడాదిగా ఎదురుచూసిన ఘట్టం తెర మీద లేదు. తండ్రికి గుండె తరుక్కుపోయింది. అమాంతం లేచి నిలబడ్డాడు.

"ఆపండి! తేనెటీగల్ని ఏం చేశారు?"

"నాన్నా, కూర్చో! తేనెటీగలేంటి?"

"నువ్వేడవకమ్మా. నేను చూసుకుంటాగా."

వెనక వరసలో ఒక లెక్చరరు ఉన్నాడు. ఆ నవల చదివానని విద్యార్థుల దగ్గర చెప్పుకున్నాడు గానీ, అట్ట కూడా తెరవలేదు. పక్కన విద్యార్థులు కూర్చుని ఉంటే ఊరుకోవడం ఎలా? "కరెక్ట్! నవలకు ప్రాణమే తేనెటీగలు," అన్నాడు. నవల నిజంగా చదివిన ఒకమ్మాయి తెల్లబోయి, "మొదటి ముద్రణలో ఉండేవేమో," అంది. "తర్వాత భయపడి తీసేశారట," అన్నాడు ఆమె పక్కవాడు. "పైనుంచి ఒత్తిడి వచ్చిందట," అన్నాడు ఆ పక్కవాడు. గోరంత కొండంత కావడానికి రెండు వరసలు చాలాయి. లైట్లు వెలిగాయి, ఆట ఆగింది.

గొడవ బాల్కనీకి పాకేసరికి హాల్లో తేనెటీగలు ఉన్నాయన్న సంగతి ఒక్కటే మిగిలింది. చేతిగుడ్డలు నెత్తిన కప్పుకుని జనం మెట్ల మీద పడ్డారు. వాళ్లలో ఎవరో బుద్ధిమంతుడు అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేశాడు.

కింద వరండాలో హాలు మేనేజరు బైండరుకు చేతులు జోడించాడు. "సార్, సినిమాలో తేనెటీగలు లేవు. పుస్తకంలోనూ లేవంటున్నారు కొందరు. మీరు నిజంగా చదివారా?"

ఆ మాటకు బైండరు పొంగిపోయాడు. నాలుగు రోజులుగా ఎవరైనా అడిగితే బాగుండునని ఆయన ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. "రెండువందల తొమ్మిదో పేజీ! తీసి చూపించమ్మా."

వందమంది చుట్టూ మూగారు. కూతురు సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ తెరిచింది. ఒక్క చూపుకే ఆమెకు అంతా అర్థమైంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెబితే తండ్రి ఇంతమందిలో నవ్వులపాలవుతాడు. పేజీ తిప్పింది. పెన్సిలు గీత కనిపించింది, పక్కన తండ్రి గుండ్రటి అక్షరాలు: ఎంత మాట!

పుస్తకం మూసి గుండెకు ఆనించుకుంది. "ఉన్నాయి. మా నాన్న మొత్తం చదివాడు. ఆయన చెప్పిందే నిజం," అంది గట్టిగా.

సరిగ్గా అప్పుడే అగ్నిమాపక అధికారి యూనిఫాంలో వచ్చి, మేనేజరు ముందు నిలబడి గద్దించాడు. "లోపల ఏముంది? దాచకుండా చెప్పండి!"

ఆయన అడిగింది తేనెపట్టు గురించి. మేనేజరు మాత్రం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. "పదకొండు నిమిషాలే సార్! రోజుకు ఇంకో ఆట ఇరికిద్దామని గోడెక్కే సీను ఎగరగొట్టాం. తప్పయిపోయింది!"

"గోడెక్కే సీను ఉందా!" కూతురు కేక వరండా అంతా మోగింది.

జనం ఊరుకుంటారా? మేనేజరును ముందుపెట్టుకుని హాల్లోకి నడిచారు. సినిమా మళ్లీ గోడ మొదట్లోంచి నడిచింది. ఆ పిల్ల నడుముకు తాడు కట్టుకుని, తను చేసిన గడియలే ఒక్కొక్కటిగా గోడ సందుల్లో దిగ్గొట్టి, వాటి మీద కాలు పెట్టి ఎక్కుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. బైండరు ఒక్కడే కూతురి చెవి దగ్గరికి వంగాడు.

"చూశావా మోసం? ఇది పుస్తకంలో లేనే లేదు."

"తర్వాత మాట్లాడుకుందాం. ముందు చూడు నాన్నా," అని ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల గోడ దిగేదాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున కూతురు బడికి వెళ్తూ దుకాణం దగ్గర ఆగింది. తేనెటీగల పెద్దమనిషి అప్పటికే బల్ల ముందు నిలబడి ఉన్నాడు. "ఏమయ్యా, రాణి ఈగను పట్టడం ఎలాగో చూద్దామని తెరిస్తే, నా పుస్తకంలో ఎవరో పిల్ల గోడెక్కుతోంది! పదహారు పేజీలు ఎక్కింది. తర్వాతి పేజీలో తేనె వడకట్టడం మొదలైంది. ఈగల సంగతి తర్వాత. ఆ పిల్ల క్షేమంగా దిగిందా లేదా, ముందది చెప్పు."

"దిగింది తాతగారూ," అంది కూతురు.

బైండరు చేతిలో సూది ఆగిపోయింది. ఆదివారమంతా కళ్ల ముందు తిరిగింది. కూతురి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"పేజీ తెరిచినప్పుడే తెలిసింది."

"మరి అంతమందిలో అలా చెప్పావేం?"

"నువ్వు గీత గీసుకున్నావుగా నాన్నా," అని ఆమె నవ్వింది. ఆ రెండు ఫారాలూ ఏ పుస్తకానిది ఆ పుస్తకంలో వేసి కుట్టమంది గానీ, గీత ఉన్న కాగితం మాత్రం పెద్దమనిషిని బతిమాలి తన దగ్గర ఉంచుకుంది.

అప్పటినుంచి బైండరు ప్రతి ఫారమూ చదివాకే కుడుతున్నాడు. ఇప్పుడు పేజీలు తారుమారు కావడం లేదు, ఏ పుస్తకమూ చెప్పిన రోజుకు అందడమూ లేదు.