కాలేజీ వాపస్

విశ్వవిద్యాలయం గొప్పదనం ఎందరికి చదువు చెప్పిందన్నదాంట్లో లేదు, ఎందరిని గడప బయట నిలబెట్టిందన్నదాంట్లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఈ మహాసత్యాన్ని హైదరాబాదు పట్నం కనిపెట్టింది. అప్పుడు మూసీకి ఇవతల ఒక విశ్వవిద్యాలయం, అవతల ఒకటి ఉండేవి. ఇవతలిది పదిమందిలో తొమ్మిదిమందిని వెళ్లగొడితే, అవతలిది ఆ పదోవాణ్ని కూడా అనుమానంగా చూసేది.

చిక్కల్లా ఒకటే. కాదనాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి, పట్నంలో అడిగేవాళ్లు అయిపోయారు. అందుకని ఇవతలివారి తిరస్కరణల శాఖ నాజిమ్ గారు (అవును, అలాంటి శాఖ ఉంది, దానికో అధిపతీ ఉన్నాడు) స్వయంగా మేడ్చల్ అంగడికి దయచేసి కల్లు దుకాణం పక్కన బల్ల వేయించారు.

"సదువు రాకున్నా ఫికర్ లేదు. జర గీ దర్ఖాస్తు మీద ఏలిముద్ర ఎయ్యుండ్రి. వాపస్ పంపుడు మా జిమ్మా."

గొర్రెల కుర్మయ్య వేశాడు. గొర్రెల తరఫున కూడా వేస్తానంటే నాజిమ్ గారు వద్దన్నారు (అవతలివారు షామీర్‌పేటలో మేకలతో మొదలుపెట్టారని తెలిశాక ఆ నిబంధన సడలించారు). నెల తిరక్కుండా అందరి దరఖాస్తులూ వాపసు వచ్చాయి. ఇంగ్లండుకు పోయి వచ్చిన దొరలను 'విలాయత్ వాపస్' అని జనం గౌరవించడం కుర్మయ్య విన్నవాడే. తానూ 'కాలేజీ వాపస్' అయ్యానని కొత్త రుమాలు చుట్టాడు. ఊరు కూడా ఒప్పుకుని పంచాయితీలో అతనికి మంచం వేసింది.

ఆ కుప్పలో ఒక నిజం దరఖాస్తు కూడా పడింది. అది మిషన్ బడిలో వంట చేసే యాకోబు కూతురు సుందరమ్మది. కాన్పు కష్టమై, సికింద్రాబాదు ఆసుపత్రికి బండిలో పోతూ దారిలోనే ఆమె తల్లి ప్రాణం వదిలింది. అందుకే ఆ పిల్ల డాక్టరీ చదవాలని మెట్రిక్ మొదటి తరగతిలో పాసైంది. గొర్రెలతోపాటు ఆమె దరఖాస్తూ వాపసు వచ్చింది.

యాకోబు కూతుర్ని వెంటబెట్టుకుని పట్నం పోయాడు. "సాబ్, నా బిడ్డ నిజంగ సదివింది. ఒక్కపారి సూడుండ్రి."

నాజిమ్ గారు చూసి మురిసిపోయారు. "మస్తు సదివింది. గిసువంటి దర్ఖాస్తు మాకు ఎన్నడు రాలే."

"ఇగ తీస్కోండ్రి మరి."

"ఎట్ల తీస్కుంటం? గొర్లను వాపస్ పంపితే మాకేం ఇజ్జత్? గిసువంటి పిల్లను పంపినమంటెనే అవతలోళ్లు కుళ్లి సస్తరు."

మూసీ దాటారు. ఇవతలివాళ్లు వద్దన్నదాన్ని తీసుకుంటే తమ ముక్కు కోసినట్లేనని అవతలి నాజిమ్ గారు కూడా చాలా మర్యాదగా సాగనంపారు. ఇంత చదువుకున్న మూర్ఖులను ఒక్కచోట చేర్చడం మాత్రం మామూలు పని కాదని నేను ఒప్పుకుంటాను.

తండ్రీకూతుళ్లు తిరిగి వచ్చి రైలు దిగేసరికి మేడ్చల్ స్టేషన్‌లో డప్పులు మోగాయి. రెండు దిక్కులా వాపసైనవాళ్లు ఈ తాలూకాలోనే ఇంకెవరూ లేరు. కుర్మయ్య దండ వేసి "డాక్టరమ్మా" అన్నాడు. సుందరమ్మ అందరి ముందూ ఏడ్చింది. సంతోషం పట్టలేకపోయిందని ఊరు చెప్పుకుంది.

వానాకాలంలో కుర్మయ్య కోడలు రుక్కమ్మకు నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగింది. కుర్మయ్య సుందరమ్మ దగ్గరికి పరుగున వచ్చాడు. "జల్దీ రా డాక్టరమ్మా!"

"నాకేం రాదు తాతా. నన్ను సదువనియ్యలే. బండి కట్టు, సికింద్రాబాద్ తీస్కపో."

"గట్లంటవేందే? మేమంత ఒక్కపారే వాపసైనం, నువ్వు రెండుపార్లయితివి గదనే!"

అతనికి నచ్చజెప్పి బండి కట్టించేసరికి పొద్దు వాలింది. సుందరమ్మ రుక్కమ్మ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. సగం దారిలో, కొంపల్లి దగ్గర ఆ చెయ్యి చల్లబడింది. బండి వాపస్ వచ్చింది.