గతించిన క్యాన్సర్

గంధం చిట్టబ్బాయిగారి పాత క్యాన్సర్ సామర్లకోటలో ఒక అద్దెగదిలో క్షేమంగా ఉంటోంది కాబట్టి, దాని మరణ ధ్రువీకరణ పత్రం తెమ్మని కాకినాడ ఆస్పత్రిలో అడిగినప్పుడు ఆయన కొంచెం ఇబ్బందిపడ్డారు.

పన్నెండేళ్ళ కిందట ఆయన పెద్దపేగులోంచి డిశ్చార్జి అయిన క్యాన్సర్ అది. నయమైన క్యాన్సర్లన్నీ అలాగే ఎక్కడో ఒకచోట గది తీసుకుని ఉంటాయి. వాటికీ ఆధార్ కార్డులుంటాయి. ఇప్పుడు డెబ్భయ్యో ఏట చిట్టబ్బాయిగారికి ప్రోస్టేట్‌లో ఇంకోటి వచ్చింది. దానికి ఆ ఆస్పత్రిలో ఒక కొత్త మందు పరీక్షిస్తున్నారు. అందులో చేరితే ఇంకొన్నేళ్ళు ఉండొచ్చని డాక్టరుగారు చెప్పారు. ఆర్టీసీలో టైంకీపరుగా ముప్ఫై రెండేళ్ళు చేసిన మనిషికి ఫారం నింపడం ఓ లెక్కా? అయినా పదకొండో గడి దగ్గర ఆగిపోయారు.

"గతించిన క్యాన్సర్ ఉన్నచో మరణ పత్రము జతపరచవలెను" అని ఉందక్కడ. ఇంగ్లీషు ఫారాన్ని తెలుగు చేసిన పెద్దమనిషెవరో, 'గతంలో వచ్చిన' అంటే మరీ చప్పగా ఉంటుందని 'గతించిన' అని రాశాడు. గతించాక పత్రం ఉండాలి కదా అని పై ఆఫీసువాళ్ళు రెండో ముక్క తగిలించారు. రాసినాయన రిటైరయ్యాడు. ఫారం మాత్రం సర్వీసులోనే ఉంది.

"అది బతికే ఉందమ్మా," అన్నారు చిట్టబ్బాయిగారు, కౌంటర్లో ఉన్న గుమాస్తా పద్మలీలతో.

"అయితే కుదరదండి. పాతది బతికున్నోళ్ళని చేర్చుకోమండి. తొందరగా పోతారని."

"పోతారా?"

"తెలీదండి. ఎప్పుడూ చేర్చుకోలేదు కదండీ, ఎలా తెలుస్తాది?"

ఇందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆయన సామర్లకోట బస్సెక్కారు.

తలుపు తీసిన క్యాన్సర్ బాగా పెద్దదైపోయింది. కళ్ళజోడు వచ్చింది. "రండి రండి, అలా చిక్కిపోయారేంటండీ," అంటూ కుర్చీ వేసి టీ పెట్టింది. దాన్ని తిట్టాలని ఆయనకి అనిపించలేదు. తొమ్మిది నెలలు ఒకే ఒంట్లో ఉన్నవాళ్ళు మరి.

"మన వార్డులో కిటికీ గుర్తుందాండీ? అమ్మగారు అక్కడే క్యారేజీ విప్పేవారు," అంది.

అమ్మగారంటే చిట్టబ్బాయిగారి భార్య మంగతాయారు. నాలుగేళ్ళ కిందట జ్వరంతో పోయింది. అన్నేళ్ళ కాపురంలోనూ ఆయన బస్టాండులో, ఆవిడ వంటింట్లో. ఒకరి మొహం ఒకరు తీరిగ్గా చూసుకున్నది ఆ తొమ్మిది నెలలే. ఆయనకి ఏదీ సయించని ఆ రోజుల్లో ఆవిడ పెరుగన్నం కలిపి, మొదటి ముద్ద కంచం అంచున పెట్టేది. "ఇది దానికి. తిని నోరు మూసుకుంటుంది. మిగతాది మీరు తినాలి," అనేది.

"నిజంగానే తినేదాన్నండి. అంత కమ్మటి పెరుగు మళ్ళీ తగల్లేదు," అంది క్యాన్సర్.

తర్వాత ఆయన ఫారం చూపించారు.

"దానికేముందండి, మున్సిపాలిటీకెళ్ళి నేనే రాయించుకుంటాను. కాకపోతే ఒక్క మాటండి. పోయినోళ్ళ సామాను ఉంచుకోనివ్వరు. నాతోపాటు ఆ తొమ్మిది నెలలూ మీ జ్ఞాపకాల్లోంచి రద్దు చేసేస్తారు."

చిట్టబ్బాయిగారు టీ గ్లాసు కింద పెట్టి ఏడ్చారు. ఆ రోజులు పోగొట్టుకుని బతకడమెందుకు, మందూ వద్దు ఏమీ వద్దు అన్నారు. క్యాన్సర్ ఆయన్ని ఏడవనిచ్చింది.

"అమ్మగారుంటే ఏమందురండీ?" అని మెల్లిగా అడిగింది.

ఏమనేదో ఆయనకి తెలుసు. ముందు మందు సంగతి చూడండి, కబుర్లు తర్వాత, అనేది.

మున్సిపాలిటీలో సాక్షి సంతకం ఆయనే పెట్టారు. క్యాన్సర్ కళ్ళజోడు తీసి ఆయన చేతికిచ్చింది. స్టాంపు పడింది. ఎవరిదో కళ్ళజోడు తన చేతిలో ఎందుకుందో తెలియక, దాన్ని బల్లమీద పెట్టేసి ఆయన బస్సెక్కారు.

మందు బాగానే పనిచేసింది. రెండేళ్ళ తర్వాత పేపర్లో ఫలితాలు వేశారు. మందు తీసుకున్నవారిలో ఎవరికీ గతంలో క్యాన్సర్ లేదు, దాదాపు అందరూ బతికే ఉన్నారు, కాబట్టి గతంలో క్యాన్సర్ ఉన్నవాళ్ళు తొందరగా పోతారన్న మాట నిజమేనని తేలింది. చిట్టబ్బాయిగారు అది చదివి, పాపం వాళ్ళెవరో అనుకున్నారు.

ఆ మధ్యాహ్నం భోజనంలో ఆయన పెరుగన్నం కలిపి మొదటి ముద్ద కంచం అంచున పెట్టారు. వడ్డిస్తున్న చెల్లెలు నూకరత్నం రోజూ చూస్తున్నదే, ఆవేళ ఉండబట్టలేక అడిగింది.

"ఎవరికన్నయ్యా అది?"

"అలవాటే."

"ఎప్పట్నించి?"

ఆయన ముద్ద వంక చాలాసేపు చూశారు.

"ఏమోనమ్మా. మీ వదినుంటే చెప్పేది," అని, దాన్నక్కడే ఉంచి మిగతాది తిన్నారు.