చారులో అలలు

కూతురి సంబంధం ఖాయం చేసుకునే భోజనానికి బయలుదేరుతూ రుయ్‌తాంగ్ ఒక్కటే అనుకున్నాడు: లేచేదాకా కాళ్ళు ఆడించకూడదు. డయాలసిస్ మొదలైనప్పటి నుంచి తీరిగ్గా కూర్చుంటే చాలు, కాళ్ళలో చీమలు పాకినట్టయి, ఆడించకుండా ఉండలేకపోతున్నాడు. తరచూ భూకంపాలొచ్చే హువాలియెన్‌లోని కాబోయే వియ్యంకుడు చిన్‌షుయ్‌కేమో కాళ్ళూపే మగవాడంటే గిట్టదు. ఇంటి అదృష్టం రాలిపోతుందని ఆయన నమ్మకం.

"పిల్ల పెళ్ళి చెడగొట్టకు. ఆ కాళ్ళని దేనికైనా కట్టేసుకో," అంది భార్య స్యోలాన్.

బల్ల మీదికి చేప వచ్చేసరికి కాళ్ళు మొదలెట్టాయి. రుయ్‌తాంగ్ భార్య మాట తలచుకుని బల్ల కోడును పాదాలతో బిగించి పట్టుకున్నాడు. దాంతో బల్లంతా సన్నగా వణికింది. చారులో అలలు లేచాయి.

"భూకంపం," అంది చిన్‌షుయ్ తల్లి, నింపాదిగా.

చిన్‌షుయ్ గ్యాస్ కట్టేశాడు. ఆయన భార్య తలుపు బార్లా తెరిచింది. అందరూ వీధిలోకి వచ్చారు. వాళ్ళని చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళని చూసి ఎదురింటివాళ్ళు.

"ఫోన్లలో భూకంపం హెచ్చరిక మోగలేదేం?"

"చిన్నదైతే మోగవులే."

అటూ ఇటూ నడిచేసరికి రుయ్‌తాంగ్ కాళ్ళు హాయిగా సర్దుకున్నాయి.

"మీ నాన్నది ఎంత గుండె ధైర్యమమ్మా, షికారు చేస్తున్నారు," అన్నాడు చిన్‌షుయ్ కాబోయే కోడలితో. ఆ పిల్ల తల వంచుకుంది.

లోపలికొచ్చి కూర్చోగానే మళ్ళీ చారు కదిలింది. మళ్ళీ గ్యాస్, మళ్ళీ తలుపు. ఈసారి వీధివాళ్ళు నీళ్ళ సీసాలు, దుప్పట్లు కూడా తెచ్చుకున్నారు. మూడోసారి చిన్‌షుయ్ బయటికి వెళ్ళలేదు. వంగి బల్ల కిందికి చూశాడు.

"బావగారూ, ఇవి మీ కాళ్ళేనా?"

రుయ్‌తాంగ్ ఉన్నదంతా చెప్పేశాడు. ఇక ఈ సంబంధం పోయినట్టేనని కోటు అందుకున్నాడు.

చిన్‌షుయ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "బతికించారు. మా ఇంటి పునాదే కదిలిందని చచ్చేంత బెంగపడ్డాను. రాలాల్సిన అదృష్టం ఈపాటికి రాలిపోయే ఉంటుంది, కూర్చోండి. డాక్టరుకు చెప్పారా?"

"కాళ్ళాడటం కూడా ఒక జబ్బేనా అంటారని..."

"వీధి వీధంతా బయట నిలబడింది. ఇంకేం కావాలండీ?"

డాక్టరు రక్తపరీక్ష చేయించాడు. ఇనుముతో పాటు విటమిన్ డి కూడా బాగా తక్కువని తేలింది. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళలో ఇది తరచూ కనిపించేదేనని, సొంతంగా ఏ మాత్రలూ మింగవద్దని చెప్పి తానే మందులు రాశాడు. పెళ్ళి నాటికి రుయ్‌తాంగ్ కాళ్ళు చాలావరకు చెప్పిన మాట వింటున్నాయి.

పెళ్ళి విందులో ఉన్నట్టుండి గిన్నెలు గలగలలాడాయి. పైన దీపాలు ఊగాయి. రుయ్‌తాంగ్ చటుక్కున లేచి నిలబడ్డాడు. ఆ బల్ల దగ్గర ఇంకెవరూ కదల్లేదు.

"కూర్చోండి బావగారూ," అన్నాడు చిన్‌షుయ్, చేపముక్క వడ్డించుకుంటూ. "మీ కాళ్ళు మాకు అలవాటైపోయాయి."