టైలరుగారి మార్కులు

తొమ్మిదింటికి ఆసుపత్రి, పదకొండింటికల్లా మళ్లీ కొట్టు. టైలరుగారు ఆ ఉదయం వేసుకున్న లెక్క అదీ. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయి ఆయన కత్తెర పట్టి ఆరు నెలలైంది. కొత్త వైద్యం వచ్చిందని తెలిసి భార్య వెంటబెట్టుకొచ్చింది. ఏ పనికి ఎంత ఇబ్బందో ఒక కాగితంలో నింపాలట. ఇబ్బంది ఎక్కువైతే మార్కులు ఎక్కువ. పదిహేను దాటితేనే వైద్యం. సిస్టర్ ఆ ముక్క చెప్పి, ఒక్కటీ వదలొద్దని కాగితం ఆవిడ చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

"మీ చొక్కా గుండీలు మీరే పెట్టుకోగలరా?" అని ఆవిడ పైకి చదివింది.

గోడ మీద "నిశ్శబ్దం పాటించగలరు", గుమ్మం మీద "చెప్పులు బయట విడువగలరు" అని ఉన్నాయి. ఇదీ అలాంటి విన్నపమే అనుకున్నారిద్దరూ. పక్కనున్న గళ్లు సిస్టర్ కోసం కాబోలనుకున్నారు. టైలరుగారు గుండీలు విప్పి మళ్లీ పెట్టుకునేసరికి అరగంట గడిచింది. ఆవిడ సాయం రాబోతే ఒప్పుకోలేదు.

"మీరే అని రాశారు. నువ్వు ముట్టుకోకు."

తర్వాత కాగితంలో కుళాయి తిప్పమన్నారు. తిప్పారు గానీ, కట్టడానికి వేళ్లు రాలేదు. తొట్టి నిండి నీళ్లు గదిలోకి వచ్చేశాయి. ఎత్తులో ఉన్న బరువు దించమన్నారు. బీరువా మీది కాగితాల కట్ట ఆయన చేతిలోంచి జారి ఆ నీళ్లలోనే పడింది. నేల మీది బట్ట వంగి తీయమన్నారు. నేల మీద బట్టేదీ లేకపోవడంతో ఆవిడ కిటికీ తెర ఊడదీసి పరిచింది.

చప్పుడు విని సిస్టర్, ఆ వెనకే డాక్టరు పరుగున వచ్చారు.

"సమయానికొచ్చారు డాక్టరుగారూ," అన్నారు టైలరుగారు, తెర కోసం సగం వంగి అక్కడే ఆగిపోయి. "ఇంక కారెక్కి దిగడమే మిగిలింది. మీ కారెక్కడుంది?"

అవి ప్రశ్నలనీ, గళ్లలో టిక్కు పెడితే చాలుననీ సిస్టర్ తల పట్టుకుని చెప్పింది. టైలరుగారు పెన్సిలు అందుకుని, ఎలాగూ అన్నీ చేశాను కదా అని, మొత్తం "ఏ కష్టమూ లేకుండా" గళ్లలోనే టిక్కులు పెట్టేశారు. మార్కులు సున్నా.

 ఈ మనిషి ఇక కత్తెర పట్టినట్టే అనుకుంది ఆవిడ.

"ఆయన మాట నమ్మకండి బాబూ. రోజూ గుండీలు పెట్టేది నేను. ఈ పొద్దున కూడా నేనే పెట్టాను."

టైలరుగారు తల వంచుకున్నారు. నిజమేనా అని డాక్టరు అడిగితే పెన్సిలు ఆయన చేతిలో పెట్టేశారు.

"ఆవిడ చెప్పిందే రాయండి," అన్నారు చివరికి.

చీలమండల దాకా నీళ్లలో నిలబడే డాక్టరు కొత్త కాగితం తెప్పించి నింపారు. నలభై ఎనిమిది వచ్చాయి. తమ ఆసుపత్రిలో ఇన్ని మార్కులు ఇంతవరకూ ఎవరికీ రాలేదనీ, సోమవారం నుంచే వైద్యం మొదలనీ చెప్పారు. టైలరుగారి తల మెల్లగా పైకి లేచింది.

సాయంత్రానికల్లా ఆయన ఆసుపత్రి మొత్తానికి ఫస్టు వచ్చారని వీధంతా తెలిసిపోయింది. దేంట్లోనో మాత్రం ఆయన చెప్పలేదు.