ఊరందరికీ తెలిసిన పాస్‌వర్డ్

పోయిన ఆదివారం పొద్దున్నే కీబోర్డు మీద దుమ్ము తుడిచినందుకు మా ఇంట్లో గొడవైంది. "ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పేను మణీ" అన్నారు మా ఆయన. దుమ్ము తుడిస్తే దొంగతనమా అన్నాను. "సెక్యూరిటీ అంటే అలాగే ఉంటాది" అన్నారు.

నిదానంగా ఆలోచిస్తే ఆయనదే రైటు. వ్యాపారాల్లో కొత్తగా కంప్యూటర్లు పెడుతున్న వాళ్ళంతా శ్రద్ధగా వినండి. కంప్యూటర్ రహస్యం భద్రంగా ఉండాలంటే ఒకటే మార్గం. దాన్ని ఊరందరికీ చెప్పెయ్యాలి, ఇంటావిడకి తప్ప!

నవ్వుతున్నారా? మా అనుభవం వినండి.

చోడవరంలో మా వీధిగదిలోనే మా ఆయన దయాసాగర్ గారు డీటీపీ సెంటర్ పెట్టి ఏడాదిన్నరైంది. పెళ్ళికార్డులు, చర్చి కూడికల కరపత్రాలు, చెరకు రైతుల నోటీసులు అందులోనే తయారవుతాయి. మిషను అమర్చిన విశాఖపట్నం ఇంజనీరు వెళ్తూ వెళ్తూ మూడు సలహాలిచ్చాడు. పాస్‌వర్డ్ వారంవారం మార్చండి. కాగితం మీద రాసుకోకండి. ఇంట్లోవాళ్ళ పేర్లు పెట్టకండి.

సలహా అంటే మా ఆయన ప్రాణం పెడతారు. పేర్లే పెట్టకూడదన్నప్పుడు ఇంట్లోవాళ్ళకి తెలియడం ఇంకెంత ప్రమాదమో అనుకుని మూడో సలహాని తనే కాస్త గట్టిపరిచారు. మిగతా రెండూ ఎలా పాటిస్తున్నారో మొన్న గురువారం దాకా నాకు తెలీదు.

నేను బీయే చదివాను. తెలుగు, ఇంగ్లీషు టైపు రెండూ హయ్యర్ పాసయ్యాను. ఆయన ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటారు. కానీ భద్రత దృష్ట్యా నాకు ఎర్రపెన్ను ఇచ్చారు. కాగితం మీద నేను తప్పులు దిద్దితే, ఆయన మిషను మీద టైపు కొట్టుకుంటారు. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఏ బ్యాంకులో ఉంటుంది చెప్పండి?

గురువారం మధ్యాహ్నం మా ఆయన విశాఖపట్నం వెళ్ళినప్పుడు రావికమతం నుంచి ఫకీర్ సాహెబ్ గారు చెమటలు కక్కుతూ వచ్చారు. సాహెబ్ గారి కూతురు ఆర్జూ నిఖా పదిహేనో తేదీ ఆదివారం. ఆయన చేతిలోని కార్డు నమూనాలో పదహారు అని ఉంది. మంగళవారమే నేను ఎర్రపెన్నుతో దిద్దాను. మా ఆయన కొట్టడం మరిచిపోయి అలాగే ప్రెస్సుకి పంపేశారు. నాలుగున్నర బస్సుకి సరైన ప్రింటు అనకాపల్లి ప్రెస్సుకి వెళ్ళకపోతే రాత్రికి ఆ పదహారే అచ్చయిపోతుంది. చుట్టాలంతా పెళ్ళయిన మర్నాడు దిగుతారు!

మిషను తెరవడం నాకు తెలీదండీ, పాస్‌వర్డ్ ఉంది అన్నాను. సాహెబ్ గారు నాకేసి జాలిగా చూశారు.

"ఏటమ్మా, మీకు తెల్దా? మీ సర్చి బోర్డు మీద ఆదివారం రాసిన మొదటి పాట నెంబరే కదా. ఈ వారం నూట ఎనబై ఏడు."

ఒక ముస్లిం పెద్దమనిషి నోట మా చర్చి పాట నెంబరు! మీకెలా తెలుసని అడిగాను.

"సోమారం పొద్దున్న సారు మరిసిపోతారు. అప్పుడు వరసలో ఉన్నోళ్ళం ఎవలో ఒకలం సెప్తాం. అటు రోలుగుంట ఊరోళ్ళకీ తెలుసు."

ప్రతి ఆదివారం చర్చిలో అడుగుపెడుతూనే మా ఆయన పాటల బోర్డుకేసి రెప్పవెయ్యకుండా చూసేవారు. భక్తి పెరిగిందని నేను మురిసిపోయేదాన్ని. కాగితం మీద రాయొద్దన్నారు, బోర్డు మీద సుద్దతో ఉంది. వారంవారం మార్చమన్నారు, పాస్టరు గారు మారుస్తున్నారు. ఇంతకంటే నియమంగా ఎవరు పాటించగలరు?

నూట ఎనభై ఏడు కొట్టాను. తెరుచుకుంది. పదహారుని పదిహేను చెయ్యడానికి అరనిమిషం పట్టింది. వధువు పేరులో పోయిన దీర్ఘం కూడా పెట్టి ప్రింటు తీసిచ్చాను. ఫకీర్ సాహెబ్ గారు దాన్ని గుండెకి ఆనించుకుని బస్టాండుకి పరుగెత్తారు.

రాత్రి భోజనాల దగ్గర సంగతంతా చెప్పాను. మా ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని "అయితే రహస్యం బయటికి పోయిందన్నమాట" అని బాధపడ్డారు.

"బయటికి ఎప్పుడో పోయింది. ఇవాళే ఇంట్లోకొచ్చింది" అన్నాను.

ఆ మీదట రేపట్నించి పదింటినుంచి ఒంటిగంట దాకా ఆ కుర్చీలో నేనే కూర్చుంటానని అందరికీ చెప్పాను. మా అత్తగారు రాజ్యమ్మ గారు చారు పోసుకుంటూ "మరి వంటెవలు సేస్తారే" అన్నారు.

వ్యాపారస్థులారా, అసలైన సెక్యూరిటీ చూడాలంటే మా వంటింటికి రండి. పన్నెండేళ్ళుగా దానికి తాళం లేదు, పాస్‌వర్డ్ లేదు, తలుపు కూడా సరిగ్గా పడదు. అయినా మా ఆయన ఒక్కనాడూ లోపలికి జొరబడలేదు!

ఆ గదికి ఏ నెంబరూ అక్కర్లేదు, నేరుగా వెళ్ళిపోవచ్చని ఆయనతో అన్నాను. బియ్యం డబ్బా తలుపు వెనకాల ఉంటుందని కూడా చెప్పాను.