వెయ్యో బిట్టు దగ్గర పువ్వు

మా ఇంటి పరువు తీసింది ఒక ఇంగ్లీషు గైడు. ఇది నా అభిప్రాయం కాదు, జరిగిన సంగతి. అనుమానం ఉన్నవాళ్ళు దాన్ని తమ దగ్గరే ఉంచుకోవచ్చు.

ఇక వినండి. ఎదురు మేడ మీది నీళ్ళ ట్యాంకును ఉదయాద్రిగా చేసుకుని సహస్రకిరణుడు తన తొలి బాణాన్ని మా వంటగది కిటికీ ఊచల సందులోంచి గురిచూసి వదిలే వేళ, కుళాయి ఇంకా గొంతు సవరించుకుంటూ ఉండగా, పాలగిన్నె పొంగుదామా మానుదామా అని తటపటాయిస్తూ ఉండగా, రెండు గదుల ఆ సువిశాల సామ్రాజ్యంలో, ఒక కాలు పొట్టిదై కాగితం మడత మీద నిలబడ్డ బల్ల అనే రణక్షేత్రానికి ఇటు నా కూతురు, అటు నేను, నడుమ వెయ్యి బిట్ల అక్షౌహిణిని పొట్టలో దాచుకున్న ఆ గైడు మోహరించగా, ఇరవై దినాల మహాసంగ్రామం మొదలైంది.

నా కూతురు పళ్ళ డాక్టరు దగ్గర టోకెన్లు ఇస్తుంది. దంతవైద్యాలయ ద్వారపాలిక. వాచిన బుగ్గలను వరుసలో నిలబెట్టి పన్నెండేళ్ళుగా "నెక్స్ట్" అంటున్న ధీరురాలు. ముప్పైరెండేళ్ళు. గుమస్తా ఉద్యోగాల పరీక్ష మూడుసార్లు రాసింది. లెక్కల్ని గెలిచింది, జనరల్ నాలెడ్జిని గెలిచింది, మూడుసార్లూ ఇంగ్లీషు కాళ్ళకింద పడింది. వయసు హద్దు ఈ ఏడాదితో సరి. నాలుగోసారి పడితే ఐదోసారి లేదు.

నేను ఏడో తరగతి. ఊరి బడి. ముప్పైనాలుగేళ్ళు అచ్చాఫీసులో కంపోజిటర్‌ని. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరుసలో పేర్చేవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు ఇరవైఆరూ తలకిందులుగా ఉన్నా, కళ్ళు మూసుకుని తడిమినా చెప్పగలను. ఆ భాషలో మాత్రం ఒక్క ముక్క తెలియదు. తెలుసుకోవాలని కోరికా లేదు. జవాబుల కీ నా చేతికి రావడానికి ఆ అజ్ఞానమే అర్హత.

పద్ధతి ఇది. పొద్దున ఆరింటికి ఆమె ప్రశ్న చదువుకుని జవాబు అక్షరం పైకి చెప్పాలి. ఎ, బి, సి, డి, నాలుగింట్లో ఒకటి. నేను నోటుబుక్కులో రాసుకోవాలి. రోజుకు యాభై. అయ్యాక గైడు చివరనున్న కీతో సరిచూడాలి. ఆ కీలో మాటల్లేవు, వాక్యాల్లేవు. వరుసకు పది అక్షరాలు, వంద వరుసలు, అంతే. గైడు వెనకట్ట మీద దాని కర్త, మెడకు టై బిగించి, గడ్డానికి చెయ్యి ఆనించి, ప్రపంచాన్ని క్షమించినవాడిలా నవ్వుతూ ఉంటాడు. ఏటా అట్ట మారుతుంది, టై రంగు మారుతుంది. లోపలి పేజీలు మాత్రం ఏనాటివో, ఫొటోకు ఫొటో తీసి, అరిగిన ముఖాలతో అలాగే ఉంటాయి.

మొదటి దినం. ఎ, యాన్, ద అనే త్రిమూర్తులు బుడతల్లా కనిపిస్తూ బ్రహ్మాస్త్రాలు విసిరే ఆర్టికల్ గణం ఎడమవైపునుంచి, చీమల బారులా పాకి వచ్చి కాలివేళ్ళు కొరికే ప్రిపొజిషన్ సేన కుడివైపునుంచి, జరిగినదాన్నీ జరుగుతున్నదాన్నీ జరగబోయేదాన్నీ తొండాలతో ఒకేచోట కలియబెట్టే టెన్సుల మదగజఘట ఎదురుగా వచ్చి పడగా, నా కూతురు చెదరలేదు. నలభైమూడు. రెండో దినం, ఒకే అర్థం వేసుకుని వేరువేరు ముఖాలతో తిరిగే సినానిమ్ రాక్షసుల కోటలోకి చొరబడింది. నలభైనాలుగు.

"పర్లేదు" అన్నాను. మా ఇంట్లో అంతకు మించిన బిరుదు లేదు.

మూడో దినం నూటపదహారో బిట్టు దాకా వీరవిహారం. ఆ తర్వాత కూలింది. మొత్తం ఇరవైరెండు.

నాలుగో దినం పన్నెండు.

"యాభైకా?" అంది.

"కాదు, లక్షకి."

పై వాటాలో ఉండే మా అక్క మెట్ల మీద కూర్చుని కూరగాయలు తరుగుతూ ఉంటుంది. ఆవిడ చెవికి తలుపులు అడ్డం రావు. "ఏంటే, పన్నెండేనా? నిన్నంతా ఫోన్ చూశావా?"

"లేదత్తా, రాత్రి తొమ్మిదింటికే పడుకున్నా."

"అదీ తప్పే. చదవాలిగా."

ఐదో దినం పదకొండు. ఆరో దినం పదమూడు. ఏడో దినం ఆమె బల్ల మీద చెయ్యి వేసి ఆపింది.

"నాన్నా, ఇది నాకు ఖాయంగా తెలుసు. బి."

"కీలో డి ఉంది."

"కీ తప్పేమో."

"అచ్చులో ఉంది."

"అచ్చులో ఉంటే?"

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. నిలబడి, పాలగిన్నె సాక్షిగా, ఇలా గర్జించాను. "ఓసీ మూఢురాలా! నోటి మాట గాలి. చేతిరాత నీటి మీద గీత. అచ్చక్షరం అలాంటిది కాదు. ఒకడు రాసి, ఒకడు పేర్చి, ఒకడు దిద్ది, నలుగురి కళ్ళనూ నాలుగు వడపోతలనూ దాటి, సీసంలో పోతపోసుకుని, సిరాలో స్నానం చేసి వచ్చిన ఆ అక్షరాన్ని, నిన్నగాక మొన్న పెన్సిలు పట్టిన నువ్వు తప్పంటావా? ముప్పైనాలుగేళ్ళు ఈ చేతులు పేర్చిన అక్షరాల మీద ఒట్టు, అచ్చు అబద్ధం చెప్పదు!"

"పాలు పొంగాయి నాన్నా" అంది కూతురు.

పొంగాయి. పొయ్యి ఆరింది. అదీ ఆమె తప్పే అని ఆనాడు తీర్మానించాను.

తరువాత జరిగింది ఓటమి కంటే హీనం. పదో దినానికి ఆమె ఎదురు చెప్పడం మానేసింది. పన్నెండో దినానికి, కీలో ఉన్న జవాబు ఎందుకు ఒప్పో తానే కారణాలు అల్లడం మొదలుపెట్టింది. "ఓహో, ఇక్కడ ఇలా కూడా వాడతారన్నమాట" అనేది. అలా అన్నవి ఒక నోటుబుక్కు నింపింది. తెలిసినదాన్ని ఒక్కో ఇటుకగా పీకి, ఆ చోట కీ చెప్పిన ఇటుక పెట్టుకుంటూ పోయింది. చూసి సంతోషించాను. బుద్ధి వచ్చిందనుకున్నాను. కోటను శత్రువు పడగొట్టడం అందరూ చూసిందే. కోటలో ఉన్నవాళ్ళ చేతే పీకిస్తూ, పక్కన కూర్చుని లెక్క రాసుకున్న సేనాపతి నేనొక్కణ్ణే.

పంతొమ్మిదో దినం తొమ్మిది.

హాల్ టికెట్ గోడకు, క్యాలెండరు మేకుకు వేలాడుతోంది. పరీక్ష ఆదివారం. అది గురువారం. ఆమె హాల్ టికెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"రేపు చివరి యాభై. పాతిక రాకపోతే దీన్ని చింపేస్తా నాన్నా. వెళ్ళను. అక్కడ కూర్చుని మళ్ళీ సిగ్గుపడే ఓపిక లేదు."

"చింపెయ్" అన్నాను.

పైనుంచి మా అక్క కత్తిపీట చప్పుడు ఆగింది. "ఏరా తమ్ముడూ, నోరా అది?"

నోరే. వేరే ఏమీ కాదు.

ఇరవయ్యో దినం. సూర్యుడు కూడా ట్యాంకు వెనకాలే కాసేపు ఆగాడు. తొమ్మిదివందల యాభైఒకటి నుంచి మొదలైంది. ఆమె గొంతులో కత్తి లేదు, డాలూ లేదు. టోకెన్ నంబర్లు పిలిచే గొంతు. సి. ఎ. ఎ. డి. యాభై అయ్యాయి. సరిచూశాను. తొమ్మిదివందల తొంభైతొమ్మిది దాకా వస్తే పది ఒప్పు. ఆమె అప్పటికే హాల్ టికెట్‌ను రెండు వేళ్ళతో పట్టుకుంది.

"వెయ్యోదానికి సి అన్నాను. అదీ తప్పేనా?"

చూశాను. అక్కడ అక్షరం లేదు.

"ఏముంది నాన్నా?"

"పువ్వు."

"పువ్వేంటి?"

"పువ్వు. అయిదు రేకులు."

"ప్రశ్నల్లో పువ్వు అనే జవాబు లేదు నాన్నా."

మా అక్క మెట్లు దిగి వచ్చింది. "ఎక్కడ, చూడనీ. అబ్బ, బాగుందే. పాసైనవాళ్ళకి ఇస్తారేమో."

నేను నవ్వలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అయిదు రేకుల్లో కుడివైపు రేకు విరిగి ఉంది.

ఆ పువ్వు నాకు తెలుసు. వరుస చివర ఖాళీ మిగిలితే చూడ్డానికి బాగుండదని అచ్చాఫీసులో సీసపు పువ్వొకటి పెట్టేవాళ్ళం. కుడిరేకు విరిగిన పువ్వు ఒక్క నా పెట్టెలోనే ఉండేది. కొత్తది ఇప్పించమని అడిగితే యజమాని, "పువ్వుకి నాలుగు రేకులు చాలవా?" అన్నాడు. వాడి సంగతి వదిలేయండి. ఖాళీ కనబడితే నింపడం మా పని. ఆ ఖాళీ ఎందుకు మిగిలిందని నేను అడగలేదు. అడిగి ఉంటే అక్షరాలు లెక్కపెట్టేవాణ్ణి. తొమ్మిదివందల తొంభైతొమ్మిదే ఉండేవి.

ఇప్పుడు లెక్కపెట్టాను. అంతే ఉన్నాయి.

ఎక్కడో ఒకటి జారిపోయింది. దాని వెనకనున్నవన్నీ ఒక్కో అడుగు ముందుకు జరిగి, పక్కవాడి కుర్చీలో కూర్చున్నాయి. నోటుబుక్కు తీసి, మూడో దినం పేజీ దగ్గర వేలు పెట్టాను. నూటపదహారు దాకా సరిగ్గా ఉంది. నూటపద్దెనిమిదో జవాబు నూటపదిహేడు కుర్చీలో దొరికింది. అక్కడినుంచి ఒక్కో అక్షరాన్నీ ఒక గడి వెనక్కి జరుపుకుంటూ దిద్దాను. కూతురు డాక్టరుకి ఫోన్ చేసింది. "సార్, ఓ గంట లేటవుతుంది. ఎవరి పన్నూ పారిపోదులెండి."

నాలుగో దినం పన్నెండు కాదు, నలభైరెండు. ఐదు, నలభైఒకటి. ఏడు, నలభైఐదు. ఆ రోజు ఆమె చెప్పిన బి, బియే. పన్నెండో దినంనుంచి దిగింది. ముప్పైఎనిమిది. ముప్పైఆరు. చివరిది ముప్పైమూడు. వెయ్యో బిట్టుకు ఆమె చెప్పిన సి కూడా ఒప్పే. ఆ తగ్గిన మార్కులు కీ తిన్నవి కావు. నేను తినిపించినవి.

ఆమె అంకెలు చూసింది. ముందు నవ్వింది. తరువాత కోపం వచ్చింది. "ఎవడు నాన్నా వీణ్ణి పనిలో పెట్టుకుంది? కంపోజ్ చేస్తూ నిద్రపోయి ఉంటాడు వెధవ!"

"నిద్రపోలేదు" అన్నాను. "కాపీ చదివే మనిషి లేదు."

మా అక్క తల తిప్పుకుని గోడవైపు చూసింది. ఆవిడకు ఆ రోజు వారంతో సహా గుర్తుంది.

అప్పట్లో ప్రూఫులు ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. నా భార్య అసలు కాగితం, అంటే కాపీ, పట్టుకుని ఒక్కో అక్షరం పైకి చదివేది. ఆవిడకూ అర్థం తెలియదు. ఎ, డి, డి, బి. నేను ప్రూఫు మీద వేలు జరుపుకుంటూ వినేవాణ్ణి. ఏ పుస్తకంలోనూ మా దగ్గర అక్షరం జారలేదు. ఆవిడ పోయాక నాలుగో రోజున పనిలోకి వెళ్ళాను. బల్ల మీద ఈ కీ ఉంది. ఆ ప్రూఫు నేనే చదివాను, నేనే విన్నాను.

కూతురికి అప్పుడు పదేళ్ళు. ఇప్పుడు ఆమె హాల్ టికెట్ తీసి మళ్ళీ మేకుకు తగిలించింది. "ఇంకా రెండు రోజులున్నాయి. ఆ పిచ్చి కారణాల నోటుబుక్కు ఎక్కడ పెట్టాను?"

"పొయ్యి దగ్గర."

"అక్కడే ఉండనీ."

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "నూటపదిహేడోది పోయింది కదా. దాని జవాబు కీలో ఎక్కడా ఉండదు."

"ఉండదు."

"ఎ. రాసుకో నాన్నా. నాకు తెలుసు."

ఆదివారం వెళ్ళింది, రాసింది. ఇంగ్లీషులో గట్టెక్కింది. ఉద్యోగమూ వచ్చింది. అవన్నీ చిన్న సంగతులు, ఆఫీసు కాగితాల్లో ఉంటాయి. అసలు విజయాన్ని చాటవలసింది నేను. దిక్కులారా, వినండి! ముప్పైనాలుగేళ్ళ వృత్తిలో కాపీ లేకుండా ఒక్క అక్షరం పేర్చనివాడు, అచ్చు తప్ప మనిషి మాటను నమ్మనివాడు, ఆ శుక్రవారం ఉదయం ఎనిమిదింబావుకు, ఇరవైరెండేళ్ళుగా రాజ్యభ్రష్టమై తిరుగుతున్న ఒకానొక ఎ అనే అక్షరాన్ని, కేవలం కూతురి మాట మీద, నీలం పెన్నుతో, నూటపదహారుకూ నూటపద్దెనిమిదికీ నడుమ సింహాసనం మీద కూర్చోబెట్టాడు. ఒక్క అక్షరం. ఒక్క గైడులో. పువ్వును మాత్రం కొట్టేయలేదు.

తప్పు చేసిన వాళ్ళను క్షమించడం నాకు చేతకాదు. ఆ సంగతి ఆ కంపోజిటర్‌కూ చెప్పాను. దీని గురించి ఇంక ఎవరూ నన్ను అడగొద్దు. అడిగినా నేను మాట్లాడను.